ఒక పోస్టు ఖాళీ అయ్యాక ఆ పని ఎటు పోయింది? ఒక విశ్వవిద్యాలయ శాఖ అనుభవం

నేను ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రం బోధిస్తాను. శాఖాధిపతి బాధ్యత నా వంతుకు వచ్చిన ఏడాదే మా శాఖలో ఖనిజశాస్త్రం చెప్పే ప్రొఫెసర్ పదవీ విరమణ చేశారు. ఆ పోస్టు భర్తీ కాలేదు. రెండేళ్లు గడిచాక, దాన్ని ఎందుకు భర్తీ చేయాలో వివరిస్తూ నోట్ పంపమని పరిపాలన విభాగం అడిగింది. అలాంటి నోట్లు ఎలా ఉంటాయో అందరికీ తెలిసిందే. మంజూరైన పోస్టులు ఇన్ని, పనిచేస్తున్నవారు ఇందరు, విద్యార్థులు ఇందరు, కాబట్టి పోస్టు కావాలి. నేనూ అలాగే ఒక పేజీ రాశాను. సంతకం పెట్టబోతూ మరోసారి చదివితే, ఆవిడ వెళ్లిపోవడం వల్ల శాఖ ఏమి పోగొట్టుకుందో అందులో ఒక్క ముక్క కూడా లేదు. రాసిన నాకే అది పూర్తిగా తెలియదని అప్పుడు అర్థమైంది.

ఆ పేజీ పక్కన పెట్టి పనిని ఇంకో వైపు నుంచి మొదలుపెట్టాం. ఆవిడ చేసిన పనులన్నీ గుర్తు తెచ్చుకుని రాశాం. ఒక్కొక్కటి ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో, అసలు ఎవరి చేతిలోనైనా ఉందో లేదో వెతికాం. శాఖలోని పదకొండు మందితోనూ విడివిడిగా కూర్చుని మాట్లాడాను. మొదటి అరగంట అందరూ ఒకే మాటలు చెప్పారు: నిధులు తగ్గాయి, నియామకాలు ఆగాయి, కాగితాల పని పెరిగింది, ర్యాంకుల గోల ఎక్కువైంది. అవి నిజమే కాబట్టి కాదనలేదు. అయితే "ఆవిడ పనిలో మీ మీద పడింది ఏమిటి? మీరు వదిలేసింది ఏమిటి?" అని అడిగాక మాటలు మారాయి. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల కష్టాలుగా మనం చెప్పుకునే పెద్ద విషయాలు మా శాఖ గుమ్మం ఎలా దాటి వచ్చాయో ఆ జవాబుల్లో కనిపించింది.

టైమ్‌టేబుల్ చెప్పిన లెక్క

టైమ్‌టేబుల్ ప్రకారం ఆవిడకు రెండు థియరీ పేపర్లు, ఒక ప్రాక్టికల్. ఒక పేపరు అవక్షేప శిలలు చెప్పే సహోద్యోగి తీసుకున్నారు. రెండోది నేను తీసుకున్నాను. ప్రాక్టికల్‌కు ఒక తాత్కాలిక అధ్యాపకుడిని పెట్టుకున్నాం. పంపకానికి ఒక్క మధ్యాహ్నం సరిపోయింది. తరగతులు ఆగలేదు, పరీక్షలు వాయిదా పడలేదు, ఫలితాలు సమయానికే వచ్చాయి. బయటి నుంచి చూసేవారికి మా శాఖలో ఏ మార్పూ లేదు.

రిజిస్టర్ చెప్పిన లెక్క

భూగర్భశాస్త్రం చదివే విద్యార్థి నేర్వవలసిన చేతి పనుల్లో శిలాఛేదాల తయారీ ఒకటి. రాతి ముక్కను గాజు పలకకు అతికించి 0.03 మిల్లీమీటర్ల మందం వచ్చేవరకు అరగదీయాలి. అంత పలచనైతేనే కాంతి దాని గుండా సాగి, లోపలి ఖనిజాలు సూక్ష్మదర్శినిలో కనిపిస్తాయి. మందం సరిపోయిందో లేదో క్వార్ట్జ్ రంగు చూసి తెలుసుకుంటారు. కాంతిని వడకట్టే రెండు ధ్రువణ పలకల మధ్య క్వార్ట్జ్ బూడిద రంగులో కనిపిస్తే సరిపోయినట్టు, పసుపు ఛాయ ఉంటే ఇంకా అరగదీయాలన్నట్టు. ఆ "ఇంకా" ఎంతన్నది చేతికి తెలియాలి. కాస్త ఎక్కువ అరగదీస్తే గాజు మీద రాయే మిగలదు. ఇది పుస్తకం చదివి నేర్చుకునే పని కాదు. తెలిసినవారు పక్కన నిలబడి, "ఆపు, ఇప్పుడు చూడు" అని చెబుతుండగా నాలుగైదు ముక్కలు పాడుచేసుకుంటేనే వస్తుంది.

ఆవిడ సాయంత్రాలు ల్యాబ్‌లో అలా నిలబడేవారు. ఆ గంటలు ఏ టైమ్‌టేబుల్‌లోనూ లేవు. ల్యాబ్ రిజిస్టర్ తీయించి చూశాను. ఆవిడ ఉన్న రోజుల్లో పేజీలన్నీ నిండుగా ఉన్నాయి. తేదీ, విద్యార్థి పేరు, శిల పేరు, సేకరించిన చోటు, చివరి గడిలో ఆకుపచ్చ సిరాతో ఆవిడ చేతిరాత: "పసుపు, మళ్లీ" అనో, "సరే" అనో. కొందరి పేరు ఎదురుగా "పసుపు, మళ్లీ" అని మూడు సార్లు, నాలుగోసారి "సరే" అని ఉంది. ఆవిడ వెళ్లాక మొదటి సెమిస్టర్‌లో ఏడు నమోదులు, తర్వాతి సెమిస్టర్‌లో రెండు. ఆ తర్వాత పేజీలు తెల్లగానే ఉన్నాయి.

అరగదీసే యంత్రం బాగానే ఉంది. ప్రాక్టికల్ పరీక్ష కూడా జరుగుతోంది, ఎందుకంటే పాత పెట్టెల్లో ఏళ్ల తరబడి చేసి పెట్టిన ఛేదాలు ఉన్నాయి. వాటిలో ఖనిజాలను గుర్తుపట్టి విద్యార్థులు మార్కులు తెచ్చుకుంటున్నారు. అయితే రెండు బ్యాచ్‌లు ఒక్క ఛేదాన్నైనా స్వయంగా తయారుచేయకుండానే డిగ్రీ పుచ్చుకుని వెళ్లాయి. మార్కుల జాబితాలో ఆ లోటు కనబడే గడి లేదు. అంతర్గత నాణ్యతా నివేదికలోనూ లేదు. ఈ విషయం రాస్తుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ఆ రెండు బ్యాచ్‌ల డిగ్రీ కాగితాలకు ముందు నడిచిన దస్త్రాల మీద శాఖాధిపతిగా సంతకాలు నావే.

ఇలా దారి తప్పిన పనులు ఇంకా ఉన్నాయి. ఏటా జరిగే క్షేత్ర శిక్షణ పది రోజుల నుంచి నాలుగు రోజులకు కుదించుకుపోయింది. శిలల నమూనాల గదిలో కొత్త చీటీలు రాసేవారు లేరు. కొత్తగా చేరిన అధ్యాపకుల పరిశోధన పత్రాలను పంపకముందే చదివి ఎర్ర గీతలు పెట్టే పని ఎవరూ అందుకోలేదు. ఆవిడ ఆ పని చేసేవారని మా యువ సహోద్యోగులు ఇద్దరు చెప్పేవరకు నాకు తెలియనే తెలియదు.

నా దగ్గరికి వచ్చిన పరిశోధక విద్యార్థి

ఆవిడ పర్యవేక్షణలో ఉన్న పీహెచ్‌డీ విద్యార్థులను మిగిలినవారికి పంచారు. ఒకరు నా దగ్గరికి వచ్చారు. నాది నిర్మాణ భూగర్భశాస్త్రం. మడతలు, భ్రంశాలు నా పని. ఆ అబ్బాయిది రూపాంతర శిలల్లో ఖనిజాల చరిత్ర. సూక్ష్మదర్శిని ఫొటోలు తెచ్చి నా బల్ల మీద పరిచి, గార్నెట్ అనే ఖనిజం అంచున కనిపిస్తున్న మరో ఖనిజం ముందు పుట్టిందా తర్వాత పుట్టిందా అని అడిగేవాడు. ఆవిడైతే ఫొటో పక్కన పెట్టి "పద, ఛేదం చూద్దాం" అని లేచేవారు. నేను అతని వాక్యాలు దిద్దాను, అధ్యాయాలు సర్దాను, ఫారాల మీద సంతకాలు చేశాను. ఖనిజాల విషయంలో మాత్రం "బాగానే ఉంది" అన్నాను. ఆ మాట అనకుండా ఉండవలసింది. నాకు తెలియదని చెప్పి, తెలిసినవారిని బయట వెతికిపెట్టడం నా ధర్మం. అతను మూడో ఏడాది మధ్యలో మానేశాడు. విశ్వవిద్యాలయం లెక్కల్లో అది "వ్యక్తిగత కారణాలు" అని నమోదైంది. కారణంలో నా వంతు ఎంతో నాకు తెలుసు, అందుకే ఈ అనుభవంలో దాన్నీ చేర్చి రాస్తున్నాను.

మెట్ల మలుపు దగ్గర అధ్యాపకుడు

ప్రాక్టికల్ చెప్పే తాత్కాలిక అధ్యాపకుడు మంచి చదువరి. గంటల లెక్కన జీతం, సెమిస్టర్ లెక్కన ఒప్పందం. రెండు చోట్ల బోధిస్తాడు. అతనికి గది లేదు. జవాబు పత్రాలు, భూతద్దం, హాజరు పట్టీ అన్నీ భుజాన వేలాడే సంచిలోనే. విద్యార్థులు అతన్ని మెట్ల మలుపు దగ్గర కలుసుకుంటారు, ఎందుకంటే అక్కడ కిటికీ గట్టు కూర్చోవడానికి వీలుగా ఉంటుంది. ఆ సంగతి మా శాఖలో అందరం చూస్తూనే ఉన్నాం. గది చూపించాలన్న ఆలోచన మాత్రం ఈ ముఖాముఖి జరిగేదాకా ఎవరికీ రాలేదు.

"సార్, ఎవరైనా ప్రశ్న అడిగితే వచ్చే వారం చెబుతానని అనగలను. వచ్చే సెమిస్టర్ చూద్దామని మాత్రం అనలేను" అన్నాడు. సాయంత్రాలు ల్యాబ్‌లో ఎందుకు ఉండలేకపోతున్నాడో నేను అడగకుండానే చెప్పాడు: సాయంత్రం బస్సు పట్టుకుని రెండో చోటికి వెళ్లాలి. మరో మాట కూడా చెప్పాడు, కాస్త తటపటాయించి. విద్యార్థుల అభిప్రాయ పత్రాల్లో మార్కులు తగ్గితే ఒప్పందం పొడిగించరేమోనన్న భయంతో, తప్పు చేసిన ఛేదాన్ని "మళ్లీ" అని తిప్పి పంపడానికి చెయ్యి రాదట. ఆకుపచ్చ సిరాతో మూడుసార్లు "పసుపు, మళ్లీ" అని రాయగలగడం వెనుక పదవీ భద్రత ఉందని నాకు అప్పటిదాకా తట్టలేదు.

అకడమిక్ స్వేచ్ఛ అనగానే ప్రభుత్వాన్ని విమర్శించే హక్కు ఒక్కటే గుర్తొస్తుంది మనకు. విద్యార్థికి "ఇది తప్పు" అని నిర్భయంగా చెప్పగలగడం కూడా ఆ స్వేచ్ఛలో భాగమే. ఉన్నత విద్యలో బోధించేవారి హోదాపై యునెస్కో 1997లో ఆమోదించిన సిఫారసు, శాశ్వత నియామకాన్ని గానీ దానికి సమానమైన ఏర్పాటును గానీ ఈ స్వేచ్ఛకు ముఖ్య రక్షణల్లో ఒకటిగా పేర్కొంది. అమెరికాలో 1940 నాటి అధ్యాపక సంఘం ప్రకటన కూడా పరిశీలన కాలం ఏడేళ్లు మించకూడదని, ఆ తర్వాత స్థిరత్వం ఇవ్వాలని చెప్పింది. అదే సంఘం లెక్కల ప్రకారం అక్కడ శాశ్వత పదవీ అవకాశం లేని నియామకాల్లో ఉన్న అధ్యాపకులు 1987లో 47 శాతం, 2021 నాటికి 68 శాతం. జర్మనీలో 2007 నాటి చట్టం పరిశోధకులను పీహెచ్‌డీకి ముందు ఆరేళ్లు, తర్వాత సాధారణంగా మరో ఆరేళ్లు తాత్కాలిక ఒప్పందాల మీద పెట్టుకోవడానికి అనుమతిస్తుంది. ఆ చట్టాన్ని సమర్థిస్తూ అక్కడి మంత్రిత్వ శాఖ చేసిన వీడియోలో హానా అనే కల్పిత పరిశోధకురాలు ఉంటుంది. 2021లో వేలమంది "నేనే హానాను" అంటూ తమ ఒప్పందాల కథలు బయటపెట్టారు. వాళ్లలో ఎవరిని పిలిచినా మా మెట్ల మలుపు దగ్గర కూర్చున్న మనిషి మాటే చెబుతారనిపిస్తుంది.

డబ్బు లెక్క

ఆర్థిక వ్యవహారాలు చూసే అధికారి దగ్గరికి రెండుసార్లు వెళ్లాను. ఆయన వాదన కొట్టిపారేయదగినది కాదు. "మీరు అడిగే పోస్టు ముప్పై ఏళ్ల ఖర్చు. నా చేతికి వచ్చే గ్రాంటు ఏడాదికొకసారి వస్తుంది, ఎంత వస్తుందో ముందుగా తెలియదు" అన్నారు. జీతాలు, పింఛన్లు ఆపలేరు. కరెంటు బిల్లు ఆపలేరు. ఎవరినీ నొప్పించకుండా ఆపగలిగేది ఖాళీ అయిన పోస్టు ఒక్కటే, ఎందుకంటే అందులో కూర్చుని గట్టిగా అడిగే మనిషి ఉండడు.

ఈ ఇరుకు వెనుక పాత ఆర్థిక సూత్రం ఉంది. ఆర్థికవేత్తలు విలియం బౌమోల్, విలియం బోవెన్ 1966లో సంగీత, నాటక కళల ఖర్చుల మీద చేసిన అధ్యయనంలో దాన్ని చూపించారు. నలుగురు కళాకారుల బృందం ఒక రచనను వాయించడానికి రెండు వందల ఏళ్ల కింద ఎందరు మనుషులు, ఎంత సమయం పట్టిందో ఇప్పుడూ అంతే పడుతుంది. ఫ్యాక్టరీల్లో మాత్రం ఒక్కో మనిషి ఉత్పత్తి ఎన్నో రెట్లు పెరిగి, దానితో జీతాలూ పెరిగాయి. కళాకారుల జీతాలు కూడా వాటి వెంట పెరగక తప్పదు, కాబట్టి కచేరీ ఖర్చు పెరుగుతూనే ఉంటుంది. చదువు చెప్పడమూ అలాంటిదే. ఒక విద్యార్థి వెనుక నిలబడి క్వార్ట్జ్ రంగు చూపించడానికి పట్టే సమయం తగ్గదు. ప్రభుత్వాలు ఆ పెరుగుదలను భరించడం తగ్గిస్తే భారం ఎక్కడో పడాలి. ఇంగ్లండ్‌లో 2012లో ఫీజు పరిమితిని దాదాపు మూడు రెట్లు చేసి, చాలా విషయాల బోధనకు నేరుగా ఇచ్చే గ్రాంటును తొలగించినప్పుడు అది విద్యార్థుల అప్పు మీద పడింది. 2008 సంక్షోభం తర్వాత అమెరికా రాష్ట్రాలు కోతలు పెట్టినప్పుడు ఫీజుల మీద పడింది. మా దగ్గర ఖాళీ పోస్టుల మీద పడింది.

అధికారి లెక్కను ఒప్పుకున్నాను. అయితే పోస్టు నింపితే అయ్యే ఖర్చుకు ఆయన పుస్తకంలో ఒక వరుస ఉంది, నింపకపోతే అయ్యే నష్టానికి వరుస లేదు. రెండోసారి వెళ్లినప్పుడు ల్యాబ్ రిజిస్టర్ వెంట తీసుకెళ్లి ఆయన బల్ల మీద తెరిచి పెట్టాను. ఆయన చాలాసేపు పేజీలు తిప్పారు. "ఇలాంటిది ఇంతవరకు ఏ శాఖా చూపించలేదు" అన్నారు.

యువ సహోద్యోగితో నా తగవు

క్షేత్ర శిక్షణ బాధ్యత తీసుకొమ్మంటే ఒక యువ సహోద్యోగి ఒప్పుకోలేదు. అప్పుడు నాకు కోపం వచ్చింది, శాఖ పట్ల మమకారం లేదనుకున్నాను. ముఖాముఖిలో తన పదోన్నతి ఫారం తెచ్చి చూపించారు. పరిశోధన పత్రాలకు మార్కులు, ప్రాజెక్టులకు మార్కులు, సదస్సులకు మార్కులు ఉన్నాయి. పది రోజులు విద్యార్థులతో కొండలెక్కి, వాళ్ల మ్యాపులు దిద్ది, ఒకరికి జ్వరం వస్తే ఆసుపత్రికి తీసుకెళ్లే పనికి మార్కులు దాదాపు లేవు. ఆవిడ ఆ పని అన్నేళ్లు చేయగలిగారంటే, అప్పటికే ప్రొఫెసర్ కావడం వల్ల. ఇంకా మెట్లెక్కుతున్నవారిని అదే అడగడం నా తప్పు.

ఈ మార్కుల పద్ధతులు ఎక్కడ చూసినా ఒకే కాలంలో చిక్కబడ్డాయి. ప్రపంచ విశ్వవిద్యాలయాల షాంఘై ర్యాంకులు 2003లో వచ్చాయి. పరిశోధకుడి పనిని ఒకే అంకెలో చెప్పే హెచ్-ఇండెక్స్‌ను భౌతికశాస్త్రవేత్త హిర్ష్ 2005లో ప్రతిపాదించారు. భారత్‌లో యూజీసీ 2010లో అధ్యాపకుల పనిని అంకెల్లో కొలిచే ఏపీఐ మార్కులు తెచ్చి, 2018 నిబంధనల్లో బోధన భాగాన్ని మార్కుల నుంచి గ్రేడ్‌లకు మార్చింది. ఎదురుగాలి కూడా వీస్తోంది. పత్రిక ప్రభావ సూచికతో, అంటే ఆ పత్రికలోని వ్యాసాలను ఇతరులు సగటున ఎన్నిసార్లు ఉదహరించారన్న అంకెతో, మనిషిని తూచవద్దని 2012లో శాన్ ఫ్రాన్సిస్కోలో రూపుదిద్దుకున్న ప్రకటన కోరింది. నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ విశ్వవిద్యాలయం నియామకాల్లోనూ పదోన్నతుల్లోనూ ఆ సూచికను చూడటం మానుకుంది. ఆ దారి మాకు దూరమే. శాఖ స్థాయిలో చేయగలిగింది ఒక్కటే కనిపించింది: క్షేత్ర శిక్షణకు వెళ్లినవారికి ఆ సెమిస్టర్‌లో ఒక థియరీ పేపరు తగ్గించాం. ఆ సహోద్యోగి మరుసటి ఏడాది వెళ్లారు. శిక్షణ ఏడు రోజులకు పెరిగింది.

మేము చేసిన పొరపాటు

పదకొండు ముఖాముఖిల తర్వాత తేలిన విషయం చెప్పడానికి కష్టంగా ఉంది. పోస్టు భర్తీ చేయకపోవడం పాలకుల నిర్ణయం. ఆ లోటు ఎవరికీ కనబడకుండా చేసింది మాత్రం మేమే. ఒక మధ్యాహ్నంలో పేపర్లు పంచుకున్నాం, పాత పెట్టెల్లోని ఛేదాలతో పరీక్ష నడిపించాం, తెలియని విషయంలో పర్యవేక్షణ ఒప్పుకున్నాం. ప్రతిదీ విద్యార్థులు నష్టపోకూడదన్న ఉద్దేశంతోనే చేశాం. కానీ రెండేళ్లలో ఒక్క ఫిర్యాదు కూడా మా శాఖ నుంచి పోలేదు. అందువల్ల పైన కూర్చున్నవారు ఆ పోస్టు లేకుండానే శాఖ నడుస్తుందని అనుకున్నారు. వాళ్ల చేతిలో ఉన్న కాగితాలను బట్టి అలా అనుకోవడంలో తప్పు లేదు.

కొత్త నోట్ నాలుగు పేజీలు వచ్చింది. రిజిస్టర్ పేజీల ఫొటోలు జత చేశాం. పనులను మూడు కుప్పలుగా విడగొట్టాం: ఎవరో అందుకున్నవి, అరకొరగా నడుస్తున్నవి, ఆగిపోయినవి. మూడో కుప్పే పెద్దది. ఫలితంగా శాశ్వత పోస్టు రాలేదు. మూడేళ్ల ఒప్పంద నియామకం వచ్చింది. వచ్చినామె ల్యాబ్ తెరిచారు, రిజిస్టర్‌లో మళ్లీ నమోదులు పడుతున్నాయి, ఈసారి నీలం సిరాతో. ఒప్పందం మీద ఉన్నవారు పీహెచ్‌డీ పర్యవేక్షణ చేయకూడదన్నది మా నిబంధన, కాబట్టి ఆ విభాగంలో పరిశోధన ఆగిపోయే ఉంది. మూడేళ్ల తర్వాత ఏమవుతుందన్నది నోట్‌లో అడిగాం, జవాబు రాలేదు. మెట్ల మలుపు దగ్గరి అధ్యాపకుడికి నమూనాల గదిలో ఒక బల్ల, తాళంచెవి ఉన్న బీరువా ఇచ్చాం. ఎప్పుడో ఇవ్వవలసినవి.

ఈ జులైలో మరొకరు విరమణ చేస్తున్నారు, భూగర్భజలాలు చెప్పేవారు. ఈసారి ఆయన వెళ్లడానికి ఏడాది ముందే ఒక నోటుపుస్తకం ఇచ్చాను. టైమ్‌టేబుల్‌లో లేని ప్రతి పనినీ చేసిన రోజే రాయమన్నాను. మొదట మొహమాటపడ్డారు, తర్వాత రాయడం మొదలుపెట్టారు. నెల తిరిగేసరికి పద్దెనిమిది పేజీలు నిండాయి. వచ్చే సెమిస్టర్ టైమ్‌టేబుల్ నిన్ననే పంపాను. ఆయన పేపర్లకు ఎదురుగా ఎవరి పేరూ వేయలేదు, మా పదకొండు మందిలో ఎవరమూ తీసుకోలేదు. గడులు ఖాళీగా వదిలాం. ఈ ఉదయం అకడమిక్ విభాగం నుంచి ఫోను వచ్చింది, టైమ్‌టేబుల్‌లో పేర్లు మరచిపోయారా అని అడుగుతూ. మరచిపోలేదని చెప్పి, నోటుపుస్తకం తీసుకుని సోమవారం వస్తానన్నాను.